దేవుడు, పార్టీ, మన బుర్ర: బెంగళూరు పుస్తకాల పురుగులకు ఒక గైడు

2024 మే నెల, మారతహళ్ళిలో మా ఫ్లాట్. 13న ఆంధ్రాలో పోలింగ్, ఊరెళ్ళే బస్సులన్నీ నిండిపోయాయి, శుక్రవారం రాత్రి నలుగురం బ్యాగులు సర్దుకుంటూ మాటల్లో పడ్డాం. నా రూమ్మేట్‌ది ఒక పార్టీ, నాది ఇంకో పార్టీ. గంటన్నర వాదించాను. ఫోన్‌లో గ్రాఫులు చూపించాను, రాష్ట్రం అప్పుల అంకెలు చదివాను, వాడు ఒక మాట అనబోతే దానికి మూడు జవాబులు అప్పటికే నా నోట్లో ఉన్నాయి. చివరికి వాడు "సరేలే మామా, నీకు తెలిసినంత నాకు తెలీదు" అని బ్యాగు తీసుకుని మడివాళకి బయల్దేరాడు. గెలిచాననుకున్నాను. ఊరి నుంచి తిరిగొచ్చాక వాడు నాతో కలిసి భోజనానికి కూర్చోవడం మానేశాడు.

అదొక బాధ. జూన్‌లో తెలిసిన సంగతి ఇంకో బాధ. నేను అంత ధీమాగా చెప్పిన అప్పు అంకెలో ఒకే అప్పు రెండుసార్లు కలిసిపోయి ఉంది, ప్రభుత్వం పేరున ఒకసారి, కార్పొరేషన్ పేరున ఇంకోసారి. డేటా సరిచూడటమే నా ఉద్యోగం. ఆఫీసులో ఎవరైనా అలాంటి షీట్ పంపితే పది నిమిషాల్లో తప్పు పట్టుకునేవాణ్ణి. ఇంట్లో పట్టుకోలేకపోయింది బుర్ర తక్కువై కాదు, ఆ అంకె నేను వినాలనుకున్న మాటే చెప్పింది, అందుకని దాన్ని అసలు తెరిచి చూడలేదు.

అప్పటి నుంచి ఈ విషయం మీద చాలా చదివాను, కొన్ని అలవాట్లు చేసుకున్నాను. చిన్నప్పటి నుంచి క్లాసులో ఫస్ట్ వచ్చి, ఇంటికొచ్చిన చుట్టాల చేత "వీడు పుస్తకం వదలడమ్మా" అనిపించుకుని, ఆ తెలివితోనే ఉద్యోగం తెచ్చుకుని ఈ ఊరు చేరిన నాలాంటి వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. దేవుడి దగ్గరికీ పార్టీ దగ్గరికీ వచ్చేసరికి మన బుర్ర జడ్జి కుర్చీ దిగి మన తరఫు లాయరైపోతుంది. మంచి బుర్ర అంటే మంచి లాయరు, అంతకంటే ఏమీ కాదు.

ముందు "తెలివైనవాళ్లు దేవుణ్ణి నమ్మరు" అనే లెక్క తేల్చుకుందాం

ఈ మాట మనలో చాలామంది మనసులో ఉంటుంది, కొందరు పైకి అంటారు. దీనికో ఆధారం కూడా ఉంది. 2013లో జకర్మన్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు అంతకుముందు జరిగిన 63 అధ్యయనాలను కలిపి చూశారు. తెలివి పరీక్షల్లో మార్కులు పెరిగేకొద్దీ మత విశ్వాసం కొంచెం తగ్గుతున్నట్టు తేలింది. ఇంతవరకే చదివి స్క్రీన్‌షాట్ తీసి పంపేస్తాం. కానీ ఆ సంబంధం బలం సుమారు మైనస్ 0.24 (సున్నా అంటే సంబంధమే లేదని, మైనస్ 1 అంటే ఒకటి పెరిగితే రెండోది కచ్చితంగా తగ్గుతుందని). స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు దాన్ని స్క్వేర్ చేసి చూడండి, 6 శాతం కూడా రాదు. మనుషుల నమ్మకాల్లో ఉన్న తేడాల్లో 94 శాతానికి తెలివితో లెక్క కుదరదన్నమాట. ఎదురుగా ఒక మనిషి బొట్టు పెట్టుకుని కూర్చుంటే ఆ బొట్టు చూసి ఆయన తెలివి చెప్పడం ఈ లెక్కతో అయ్యే పని కాదు. పైగా ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య దేశాలవి, ముఖ్యంగా అమెరికావి. దేవుణ్ణి నమ్ముతారా, చర్చికి ఎంత తరచుగా వెళ్తారు అన్నట్టుండే ప్రశ్నలు మన ఇళ్లకి సరిగ్గా అతకవు. ఏటా తిరుమల నడిచి ఎక్కేవాణ్ణి "దేవుడు ఉన్నాడని నమ్ముతావా" అని అడిగి చూడండి, ఆ ప్రశ్న తనకెప్పుడూ రాలేదన్నట్టు చూస్తాడు. ఇంకొకడు నాస్తికుణ్ణంటాడు, ఇల్లు మారేటప్పుడు మాత్రం మంచి రోజు చూస్తాడు.

ఐక్యూ అనే కొలత పుట్టుక కూడా గుర్తుపెట్టుకోండి. 1905లో పారిస్‌లో బినే, సిమోన్ తయారుచేసిన పరీక్ష, బడిలో ఏ పిల్లలకి అదనపు సాయం కావాలో గుర్తించడానికి. ఎవరి నమ్మకం గొప్పదో తేల్చడానికి దాన్ని ఎవరూ తయారుచెయ్యలేదు.

ఒక్క ఉదాహరణ చెప్పి ముందుకెళ్తాను. మద్రాసు పోర్ట్ ట్రస్ట్‌లో గుమాస్తాగా ఉంటూ రామానుజన్ 1913 జనవరిలో కేంబ్రిడ్జిలోని హార్డీకి ఉత్తరం రాశాడు. రామానుజన్ ఇంట్లో నామక్కల్ నామగిరి అమ్మవారు కులదైవం, తన సూత్రాలు ఆ తల్లి దయే అని చెప్పుకున్నాడని ఆయన్ని ఎరిగినవాళ్లు రాశారు. హార్డీ గట్టి నాస్తికుడు. ఇద్దరూ కలిసి చేసిన గణితం ఇవాళ్టికీ నిలిచి ఉంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకోటి. రామానుజన్‌కి మతమంటే ఆచారమే తప్ప లోతైన నమ్మకం కాదని, అన్ని మతాలూ దాదాపు సమానంగా నిజమే అనిపిస్తాయని ఆయనే తనతో అన్నాడని హార్డీ తర్వాత రాశాడు. ఇక్కడివాళ్లకి గొప్ప భక్తుడిగా కనిపించిన మనిషి, నాస్తికుడైన స్నేహితుడికి ఇంచుమించు తనలాంటివాడిగానే కనిపించాడు. ఎవరు సరిగ్గా చూశారో ఇప్పుడు తేల్చలేం, కానీ అంత తెలివైన హార్డీ కూడా స్నేహితుణ్ణి తన అద్దాల్లోంచే చూసి ఉండొచ్చు కదా.

అంకె కనిపించగానే పార్టీ పేరు మార్చి చదవండి

ఈ గైడులో ఒక్కటే పాటిస్తానంటే ఇది పాటించండి.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పే డాన్ కహాన్, ఆయన బృందం 2013లో వెయ్యిమందికి పైగా మనుషులకి ఒక లెక్క ఇచ్చారు. చర్మం మీద దద్దుర్లకి ఒక క్రీము. రాసుకున్నవాళ్లలో 223 మందికి తగ్గింది, 75 మందికి ఎక్కువైంది. రాసుకోనివాళ్లలో 107 మందికి తగ్గింది, 21 మందికి ఎక్కువైంది. క్రీము పనిచేసిందా? పైపైన చూస్తే 223 పెద్ద అంకె, పనిచేసిందనిపిస్తుంది. భాగించి చూడండి. రాసుకున్నవాళ్లలో ఒకరికి ఎక్కువైతే ముగ్గురికి తగ్గింది, రాసుకోనివాళ్లలో ఒకరికి ఎక్కువైతే ఐదుగురికి తగ్గింది. క్రీము వల్ల నష్టమే. లెక్కలు బాగా వచ్చినవాళ్లు దీన్ని బాగానే చేశారు. తర్వాత అవే అంకెలకి క్రీము పేరు తీసేసి, బయట తుపాకులు దాచిపెట్టుకుని తిరగడం మీద నిషేధం పెట్టిన నగరాల్లో నేరాలు పెరిగాయా తగ్గాయా అని పెట్టారు. అక్కడ తుపాకులంటే మనకి రిజర్వేషన్లంత వేడి విషయం. లెక్కలు వచ్చినవాళ్లు కూడా తమ పార్టీకి నచ్చే జవాబు పైపైన కనిపిస్తే అక్కడే ఆగిపోయారు, నచ్చని జవాబు కనిపిస్తే మాత్రం భాగించి చూశారు. లెక్కలు ఎంత బాగా వస్తే రెండు పక్షాల మధ్య దూరం అంత ఎక్కువగా కనిపించింది.

ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు, ఎందుకంటే అప్పు అంకె విషయంలో నేను చేసింది అచ్చంగా ఇదే. ఈ అధ్యయనం నాకు అంత నచ్చింది కాబట్టి దీన్ని కూడా అనుమానించి వెతికాను. తర్వాత మళ్లీ చేసిన పరీక్షల్లో, తెలివి పెరిగేకొద్దీ పక్షపాతం ఇంకా పెరుగుతుందన్న భాగం ప్రతిసారీ తేలలేదు. అందుకని ఇప్పుడు ఆ మాట నేను గట్టిగా చెప్పడం లేదు. పక్షపాతానికి తెలివి మందు అవుతుందని మాత్రం ఎవరూ అనుకోకండి.

చెయ్యాల్సింది ఇంత. మీ పార్టీకి పనికొచ్చే అంకె వాట్సాప్‌లో వచ్చింది. ఫార్వర్డ్ చేసేముందు అందులో పార్టీ పేరు తీసేసి అవతలి పార్టీ పేరు పెట్టుకుని మనసులో చదవండి. వెంటనే ప్రశ్నలు పుడతాయి: ఏ సంవత్సరంతో పోల్చారు, ధరల పెరుగుదల తీసేశారా, జనాభా ప్రకారం భాగించారా, ఈ గ్రాఫు కింద గీత సున్నా దగ్గర మొదలవుతోందా. ఆ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి, పేరు మళ్లీ మార్చి, అవే ప్రశ్నలు మీ అంకెని అడగండి. నాకు ఒక్కోదానికి పావుగంట పడుతుంది. అంత ఓపిక లేని రోజు ఫార్వర్డ్ చెయ్యను.

కాదని చెప్పే సాక్ష్యం వెతకడం ఇంట్లో నేర్చుకోవచ్చు

దీనికి ఒక ఆట ఉంది, 1960లో పీటర్ వాసన్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త చేసిన ప్రయోగం. స్నేహితుడితో అనండి, "2, 4, 6 అనే మూడు అంకెలు నా మనసులో ఉన్న ఒక నియమానికి సరిపోతాయి. నువ్వు వేరే మూడేసి అంకెలు చెప్తూ ఉండు, సరిపోయాయో లేదో చెప్తాను, నియమం కనిపెట్టు." అందరూ 8, 10, 12 అంటారు, సరిపోయిందంటారు మీరు. 20, 22, 24 అంటారు, అదీ సరిపోయింది. నాలుగోసారికి గర్వంగా "రెండేసి పెరిగే సరి సంఖ్యలు" అంటారు. తప్పు. నియమం "పెరుగుతూ పోయే ఏ మూడు అంకెలైనా", అంతే. 1, 2, 50 అని గానీ 6, 4, 2 అని గానీ ఒక్కసారి అడిగి ఉంటే దారి దొరికేది, కానీ తన ఊహ తప్పని తేల్చే ప్రశ్న అడగాలని చాలామందికి తోచదు. మా ఆఫీసులో ఐదుగురితో ఆడాను, తొందరగా తప్పు చెప్పినవాళ్లు మాలో బాగా చురుకైన ఇద్దరు.

మీ నమ్మకాన్ని దీని పక్కన పెట్టండి. "ఫలానా నాయకుడు వచ్చాక మా ఊరు బాగుపడింది" అనుకుంటే, బాగుపడని ఊరు ఏదో వెతకండి. "గుడికి వెళ్లినప్పుడల్లా పని అయింది" అనుకుంటే, వెళ్లినా కాని పనులు, వెళ్లకపోయినా అయిన పనులు కూడా రాయండి. "మతం వల్ల అన్నీ గొడవలే" అనుకునే నాస్తిక మిత్రుడికి కూడా ఇదే పని. ఊళ్లో వరదొచ్చినప్పుడు గుడిలో, మసీదులో, చర్చిలో ఎంతమందికి అన్నం పెట్టారో కూడా వెళ్లి అడగాలి.

వాదించేముందు పూర్వపక్షం చెప్పండి

ఇది మనకి కొత్త కాదు. న్యాయశాస్త్రంలో, అంటే గౌతముడి న్యాయ దర్శనంలో, మూడు రకాల చర్చలు చెప్పారు. నిజం తేలడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన వైపు ఏ సిద్ధాంతమూ లేకుండా అవతలివాడిది పడగొట్టడానికే చేసేది వితండం. మూడో మాట ఇప్పటికీ మన ఇళ్లల్లో తిట్టుగా బతికే ఉంది. ఆ రాత్రి నేను చేసింది జల్పం, దాన్ని వాదం అనుకున్నాను.

పాత పండితులు తమ సిద్ధాంతం చెప్పేముందు పూర్వపక్షం చెప్పేవారు, అంటే అవతలివాళ్ల మాటను వాళ్ల తరఫున బలంగా నిలబెట్టడం. దీన్ని నేను అక్షరాలా పాటిస్తున్నాను. జవాబు చెప్పేముందు "నువ్వనేది ఇదే కదా" అని అవతలి మనిషి మాటను నా మాటల్లో చెప్తాను, వాళ్లు "అవును, అదే" అనేవరకు నా మాట మొదలుపెట్టను. మొదట్లో "అవును" అనిపించుకోవడానికి మూడు నాలుగు సార్లు పట్టేది. ఆ మూడు నాలుగు సార్లలోనే సగం గొడవ తగ్గిపోయేది, ఎందుకంటే నేను ఊహించుకున్న మాటకీ వాళ్లు అన్న మాటకీ సంబంధం లేదని తెలిసేది. వాట్సాప్ ఫ్యామిలీ గ్రూపులో ఇది కుదరదు. అక్కడ ఆపేసి ఫోన్ చెయ్యండి. రాత్రి పదకొండు దాటాక, ప్రయాణానికి ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు వద్దే వద్దు.

ఇంట్లో పెద్దవాళ్లతో, దేవుడి విషయంలో

అమ్మ దీపం పెడుతుంది. శ్రావణ శుక్రవారం వ్రతం చేస్తుంది. దానికి "ఆధారం ఏంటి" అని అడిగిన వయసు నాకూ ఉంది, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. ఆ దీపం ప్రపంచం గురించి ఒక వాదన చేయడం లేదు. అందులో అమ్మమ్మ జ్ఞాపకం ఉంది, రోజులో ఆ పది నిమిషాలు అమ్మ సొంతం. దాన్ని ల్యాబ్‌కి పంపాలనుకుంటే ఆ ప్రశ్నే తప్పు.

కానీ కొన్ని మాటలు నిజంగా ప్రపంచం గురించి చెప్పేవే, వాటిని పరీక్షించి తీరాలి, ముఖ్యంగా ఒంటికి సంబంధించినవి. కేఆర్ పురంలో మా బాబాయి ఒక ఆకు కషాయం నమ్మి షుగరు మాత్రలు ఆపేశాడు. నేను వెళ్లి అరగంట పరిశోధనల గురించి చెప్పాను. ఆయన "నువ్వు చదువుకున్నావు గానీ అనుభవం లేదురా" అని ఇంకా మొండికేశాడు. పిన్ని మాత్రం ఒక్క మాట అంది, "మీ కషాయం మీరు తాగండి, పొద్దున్నే పరగడుపున మెషిన్‌తో చూసి క్యాలెండర్ మీద రాద్దాం. ఎంత దాటితే డాక్టరు దగ్గరికి వెళ్దామో ఇప్పుడే మీరే చెప్పండి." ఆయన 180 అన్నాడు. నాలుగో రోజుకి క్యాలెండర్ మీద వరసగా అన్నీ 200 పైనే. ఐదో రోజు ఆయనే చెప్పులేసుకుని బయల్దేరాడు. అంకె ఆయనదే, గీత ఆయనే గీసుకున్నాడు, ఓడిపోయినట్టు అనిపించలేదు. మాత్రలు ఆపిన మనిషి ఉంటే ఇన్ని రోజులు కూడా ఆగకుండా ముందు డాక్టరుతో మాట్లాడండి, మేం ఆ విషయంలో ఆలస్యం చేశామనే ఇప్పటికీ అనుకుంటాను. ఏది చూస్తే మనసు మార్చుకుంటామో చూడకముందే రాసుకోవడం అనే పిన్ని పద్ధతిని మాత్రం రాజకీయాలకి కూడా వాడుతున్నాను.

ప్రశ్నించడమే తప్పనే పెద్దవాళ్లు ఎదురైతే ఈ ఊరి మనిషినే గుర్తుచేయండి. బెంగళూరు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా ఉన్న భౌతికశాస్త్రవేత్త హెచ్. నరసింహయ్య 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ శాస్త్రీయంగా పరిశీలించే కమిటీ వేశారు. శాస్త్రీయ దృక్పథం పెంచుకోవడం పౌరుడి విధి అని 51ఎ అధికరణాన్ని చేర్చే రాజ్యాంగ సవరణ జరిగింది కూడా ఆ ఏడాదే. ఆయన గాంధేయవాది, బసవనగుడి నేషనల్ కాలేజీ హాస్టల్ గదిలోనే దశాబ్దాల పాటు గడిపారు. ఆయన మొదలుపెట్టిన బెంగళూరు సైన్స్ ఫోరం ఉపన్యాసాలకి ఒకసారి వెళ్లండి, రిటైరైన పెద్దవాళ్లు నోట్సు రాసుకోవడం చూసి నాకు ముచ్చటేసింది.

నమ్మకాలు వేరైనా కలిసి పనిచేయడానికి మన తెలుగువాళ్లలో గోరా ఉన్నారు. వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు, నాస్తికత్వం వల్ల ఉద్యోగం పోగొట్టుకున్నారు. దేవుడే సత్యమని మొదలుపెట్టి సత్యమే దేవుడనే దాకా వచ్చిన గాంధీ దగ్గరికి సేవాగ్రామం వెళ్లి, అంటరానితనం మీద ఆయనతో కలిసి పనిచేశారు. గోరా కూతురికి దళిత యువకుడితో పెళ్లి అనుకున్నప్పుడు, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు పెట్టడానికి గాంధీ ఒప్పుకున్నారు. గాంధీ చూడలేకపోయారు గానీ ఆ పెళ్లి 1948లో సేవాగ్రామంలోనే జరిగింది. ఇద్దరిలో ఎవరూ తమ నమ్మకం వదులుకోలేదు.

మన పుస్తకాల పురుగులకి ఉన్న ప్రత్యేక జబ్బు

"నేను లాజికల్ మనిషిని" అనేది కూడా ఒక నమ్మకమే, పైగా దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కోడింగ్ బాగా వస్తుంది కాబట్టి వ్యవసాయం, టీకాలు, చరిత్ర అన్నీ రెండు వీడియోలతో అర్థమైపోతాయనుకుంటాం. ఒక విషయం మీద మాట్లాడేముందు ఇప్పుడు నన్ను నేను ఇది అడుగుతాను: ఈ విషయంలో నేను తప్పని ఎప్పుడైనా తేలిందా, తేల్చింది ఎవరు? కోడ్ రాస్తే గంటలో తప్పు బయటపడుతుంది. రైతు రుణమాఫీ గురించి నా అభిప్రాయం తప్పైతే నాకెప్పటికీ తెలియకపోవచ్చు, నా జీతానికేం తగ్గదు.

మా ఇంట్లో వంట చేసే అక్కది మదనపల్లె వైపు. చదువుకోలేదు. పెన్షన్ ఎవరికి ఎందుకు ఆగింది, రేషన్ కార్డులో పేరు చేర్చాలంటే ఎన్నిసార్లు తిరగాలి, పోయిన ప్రభుత్వంలో అదే పనికి ఎంత పట్టేది, అన్నీ చెప్తుంది. నా దగ్గర గ్రాఫులు ఉన్నాయి, ఆ అక్క దగ్గర అసలు సంగతి ఉంది. రాజకీయాల గురించి నాకు తెలిసిన వాటిలో గట్టివి కొన్ని ఆ అక్క గ్యాసు పొయ్యి పక్కన నిలబడి చెప్పినవే.

ఇక పుట్టుకతో వచ్చిన నమ్మకాల సంగతి. ఒక కాగితం తీసుకుని మీ గట్టి నమ్మకాలు ఒక పది రాయండి, దేవుడు, పార్టీ, కులం, భాష, ఏదైనా. ఒక్కోదాని పక్కన ఎప్పుడు, ఎవరి దగ్గర వచ్చిందో రాయండి. నా కాగితంలో చాలావరకు నాన్న పక్కన కూర్చుని పేపరు చదివిన రోజులవే, నా పరిశోధన అనుకున్నవి ఆ తర్వాత వాటికి తొడిగిన చొక్కాలు. నాన్న చెప్పిందల్లా తప్పని అర్థం కాదు. సొంతంగా తేల్చుకున్నామని మాత్రం చెప్పుకోకూడదు. మూడో వరసలో, ఎంత నమ్మకమో వందకి ఒక అంకె వేసి, ఏం జరిగితే అది తగ్గుతుందో రాయండి. ఉగాదికి తీసి చూడండి.

తప్పు తేలితే ఎవరి ముందు చెప్పామో ఆ మనిషికే చెప్పాలి, "కానీ" అనే మాట లేకుండా. నాకు జూన్‌లో తెలిస్తే చెప్పడానికి ఆగస్టు అయింది. అప్పటికి వాడు ఎలక్ట్రానిక్ సిటీకి మారిపోయాడు. ఫోన్ చేసి అంకె తప్పని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "అయితే ఆదివారం రారా" అన్నాడు. ఆంధ్రా మెస్‌లో పప్పు, గోంగూర మధ్యన వాడి పార్టీ తరఫున పూర్వపక్షం మొత్తం వాడికే చెప్పాను, పది నిమిషాలు. వాడు అన్నం కలపడం ఆపి విన్నాడు. "చాలావరకు వచ్చింది మామా. కానీ మా అమ్మ ఎందుకు ఓటేసిందో అందులో లేదు" అన్నాడు. చెప్పమన్నాను. భోజనం అయ్యాక కూడా చెప్తూనే ఉన్నాడు, బిల్లు వెనకాల రాసుకున్నాను.